తీగ చుట్టి పంపేవాడు మేస్త్రీ కాడు

తగరపువలస దగ్గర గోస్తనీ దాటింది మొదలు రణస్థలం దాకా జాతీయ రహదారి పక్కన ఏ టీ కొట్టు దగ్గరైనా ఆగి అడిగి చూడండి. పాత మినీ ట్రక్కు, ఫ్యూయల్ పంపు ఫ్యూజు ఎగిరిపోయింది, ఏం చెయ్యాలి? "ఏటుంది బాబూ, సిన్న తీగ ముక్క సుట్టీసి ఎట్టీ, బండి ఎల్లిపోద్ది." చెప్పేవాడు డ్రైవరు కావచ్చు, క్లీనరు కావచ్చు, పక్కన పంక్చర్లు వేసే కుర్రాడు కావచ్చు. జవాబు ఒక్కటే. అందులో కొంచెం గర్వం కూడా ఉంటుంది. కంపెనీ షెడ్డువాడు నాలుగు రోజులు తిప్పించే పనిని మనవాడు నిమిషంలో తేల్చేశాడన్న గర్వం.

ఆ గర్వాన్ని మనం రోడ్డు మీదే వదిలెయ్యలేదు. "మనవాళ్ల బుర్ర ముందు డిగ్రీలెందుకు" అంటూ వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో, కబుర్లలో, అప్పుడప్పుడూ పత్రికల ఆదివారం పేజీల్లో కూడా, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితంతో బండి నడిపించిన మేస్త్రీ ఒక వీరుడు. నా పేచీ ఆ వీరుడితోనే. ఎగిరిన ఫ్యూజు స్థానంలో తీగ పెట్టడాన్ని పనితనం అనడానికి నేను ఒప్పుకోను. అది పని ఎగ్గొట్టడం. బండిలో ఏ ఫ్యూజు దగ్గర చేసినా తప్పే. ఫ్యూయల్ పంపు ఫ్యూజు దగ్గర చేస్తే మాత్రం అక్షరాలా కొరివితో తల గోక్కోవడమే.

"ఫ్యూజులు ఊరికే పోతుంటాయండీ, పాత బండి కదా" అన్నది ఈ అభిప్రాయానికి పునాది. ఊరికే పోవు. ఇప్పుడు చిన్న బళ్లన్నిటిలో కనిపించే రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు 1976లో అమెరికాలోని లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ తెచ్చిన నమూనా. దాని రంగే దాని అంకె. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగు లేనిది 25, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పదిహేను అని రాసి ఉంటే పదిహేను దాటీ దాటగానే తెగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది అంత పిరికిది కాదు. 10 శాతం ఎక్కువ పారుతున్నా, అంటే 16.5 ఆంపియర్ల దగ్గర కూడా, కనీసం 100 గంటలు నిలబడి తీరాలని దాని తయారీ లెక్క. 20 ఆంపియర్ల దగ్గర పది నిమిషాల దాకా ఓపిక పట్టవచ్చు. 30 అయితే ఐదు సెకన్లలోపు తెగాలి. 50 దాటితే అర సెకను. పెట్రోలు మినీ ట్రక్కు ట్యాంకులో ఉండే పంపు, ఒంట్లో బాగున్నప్పుడు, తాగే కరెంటు ఐదారు ఆంపియర్లు. దానికి సాధారణంగా పదిహేను ఫ్యూజు వేస్తారు. ఆ ఫ్యూజు ఎగిరిందంటే మామూలుకి మూడింతలకు పైగా కరెంటు ఆ దారిన పోయిందన్నమాట. మూడింతలు పోవడాన్ని "ఊరికే" అనడం నాకు చేతకాదు.

ఒక్క మినహాయింపు ఉంది, దాచను. కొన్నేళ్ల కుదుపులకీ, కీ తిప్పినప్పుడల్లా పంపు ఒక్కసారిగా లాగే కరెంటుకీ లోపలి రేకు అలిసిపోయి, ఏ తప్పూ లేకుండానే తెగడం కద్దు. అందుకే మొదటిసారి పోయినప్పుడు అదే అంకె ఉన్న కొత్త ఫ్యూజు ఒక్కటి వేసి చూడటాన్ని నేను తప్పుపట్టను. అదీ వెంటనే పోయిందా, ఇక వాదన లేదు. ఎక్కడో దెబ్బ ఉంది.

అసలు పోయిన ఫ్యూజును పారేసే ముందు ఒకసారి వెలుతురులో పెట్టి చూసే అలవాటు ఎంతమందికి ఉంది? అది చాలా చెబుతుంది. మధ్యలో రేకు సన్నగా కరిగి, ప్లాస్టిక్ కిటికీ శుభ్రంగా ఉంటే లోడు నెమ్మదిగా పెరిగి తెగిందని అర్థం. పంపు ముసలిదైంది, లేదా లోపలి జల్లెడకు మడ్డి పట్టింది, అది గింజుకుంటూ తిరుగుతోంది. కిటికీ నల్లగా మాడి, లోపల వెండి తుంపర్లు చిమ్మినట్టుంటే తీగ ఎక్కడో సూటిగా ఛాసిస్‌కి తగిలింది. మధ్య రేకు బాగానే ఉండి కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కరిగితే తప్పు ఫ్యూజుదీ కాదు, పంపుదీ కాదు. దాన్ని పట్టుకునే క్లిప్పు వదులైంది, అక్కడ వేడి పుడుతోంది. మూడు రోగాలు, మూడు మందులు. మన వీరుడు మూడింటికీ ఒకే తీగ ముక్క చుడతాడు.

ఆ తీగ సంగతి చూద్దాం. 1884లో విలియం ప్రీస్ అనే బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు తీగలు కరిగించి కట్టిన లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తోంది. ఒక మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ కరిగి తెగాలంటే సుమారు 80 ఆంపియర్లు కావాలి. టీ కొట్టు వెనక దొరికే ఒక చదరపు మిల్లీమీటరు ఇంటి వైరు ముక్క, పోగులన్నీ కలిపి మెలిపెడితే, ఆ మందం కన్నా కాస్త ఎక్కువే తేలుతుంది. అంటే 90 ఆంపియర్లు దాటినా అది తొణకదు. పదిహేను దగ్గర కాపలా ఉండవలసిన చోట తొంభైకి లేచే కాపలాదారుని కూర్చోబెట్టారన్నమాట. కాపలా ఉన్నట్టు కనిపిస్తుంది, అదొక్కటే లాభం.

మన ఇళ్లలో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులుండే రోజుల్లో తెలిసిన పాత లైన్‌మన్ వైరులోంచి ఒకే ఒక్క పోగు విడదీసి కట్టేవాడు. 0.2 మిల్లీమీటర్ల పోగు ప్రీస్ లెక్కన ఏడు ఆంపియర్లకు తెగుతుంది. ఆయనకి ప్రీస్ పేరు తెలియకపోవచ్చు, లెక్క తెలుసు. పక్కింటి ఆసామి మాత్రం "మళ్లీ మళ్లీ పోతోంది, గట్టిగా కట్టెయ్" అని ఆరేడు పోగులు కలిపి కట్టించుకునేవాడు. రోడ్డు మీద బళ్లకి అబ్బినది ఆ లైన్‌మన్ విద్య కాదు, పక్కింటి ఆసామి తొందర. మన జుగాడ్‌ని మెచ్చుకునేవాళ్లు ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఫ్యూజు ఉన్నది పంపును కాపాడటానికని కూడా చాలామంది నమ్మకం. "పంపు పోతే పోయింది, కొత్తది వేసుకుందాం, ముందు బండి నడవాలి" అన్న మాట అక్కడి నుంచే వస్తుంది. పంపు కాలిపోతే నష్టం కొన్ని వేల రూపాయలు, అంతే. ఫ్యూజు కాపాడేది తీగను. ఫ్యూజు బాక్సులోంచి క్యాబిన్ కిందకి దిగి, ఛాసిస్ పట్టీ వెంట క్లిప్పుల్లో బిగిసి, ట్యాంకు దాకా పోయే ఆ సన్నటి తీగ 15 ఆంపియర్ల ఫ్యూజుకు తగ్గ కొలతలో ఉంటుంది. దాని తొడుగు ఎక్కడో ఒరిసి రాగి ఇనుముకి తగిలితే, మధ్యలో ఆపేవాడు లేకపోతే, బ్యాటరీ వందల ఆంపియర్లు గుమ్మరించగలదు. స్టార్టరు మోటారుని తిప్పేది ఆ బ్యాటరీయే కదా. అప్పుడు ముందు మాడేది ఫ్యూజు బాక్సులోని మీ తీగ ముక్క కాదు, మీ కంటికి కనబడని చోట ఉన్న ఈ సన్న తీగ. సాధారణ పీవీసీ తొడుగు 70 డిగ్రీల వేడికి మించి ఎక్కువసేపు తట్టుకోలేదు. ఎర్రగా కాలే రాగి ముందు అదెంత? ఆ తీగ ఒంటరిగా కూడా ఉండదు, వైరింగు కట్టలో పది తీగల మధ్య ఉంటుంది. ఒకటి మాడితే పక్కవి ఒట్టి రాగిగా తేలుతాయి.

ఇంతకీ ఆ తీగ పోయేది ఎక్కడికి? హారన్‌కి కాదు, క్యాబిన్ లైటుకీ కాదు. ఇంధనం ట్యాంకు నెత్తి మీదికి. ట్యాంకు లోపల పెట్రోలు ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, మండటానికి చాలినంత గాలి ఉండదు. అందుకే పంపు పెట్రోల్లో మునిగి తిరుగుతున్నా మామూలుగా ఏమీ కాదు. ప్రమాదమంతా ట్యాంకు బయట, పైమూత దగ్గర, కప్లరు దగ్గర, చెమ్మ కారే రబ్బరు గొట్టం దగ్గర ఉంది. అక్కడ గాలీ ఉంది, ఆవిరీ ఉంది. నిప్పు ఒక్కటే తక్కువ. ఆ లోటు కూడా మన వీరుడు తీర్చేస్తున్నాడు.

ఇదే రహదారి పక్కనున్న భోగాపురం ఇప్పుడు విమానాశ్రయం ఊరు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్న ఆ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రన్‌వే మీద దిగే బోయింగ్ విమానంలో కూడా ఇంధన పంపులున్నాయి, వాటికి ఫ్యూజుల్లాంటి సర్క్యూట్ బ్రేకర్లున్నాయి. ఇంధన పంపు బ్రేకరు తనంతట తాను పడిపోతే దాన్ని తిరిగి నొక్కవద్దని పైలట్ల చెక్‌లిస్టులోనే రాసి ఉంటుంది. తీగ చుట్టడం మాట దేవుడెరుగు, ఉన్న మీటను మళ్లీ నొక్కడానికే అనుమతి లేదు. ఇంత కట్టుదిట్టం ఎందుకో తెలియాలంటే 1996 జులై 17న న్యూయార్క్ దగ్గర గాల్లోనే పేలిపోయిన టీడబ్ల్యూఏ 800 విమానం గుర్తు చేసుకోవాలి. 230 మంది పోయారు. మధ్య ట్యాంకులోని ఆవిరి అంటుకుంది. ఏ నిప్పు రవ్వ అన్నది ఖాయంగా తేలకపోయినా, ట్యాంకు బయట తీగల మధ్య షార్టు జరిగి, ఇంధనం కొలిచే తీగ వెంట ఎక్కువ వోల్టేజి ట్యాంకులోకి పోవడమే అన్నిటికన్నా సంభవమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. ప్రపంచంలో అంత చదువుకున్నవాళ్లు, అన్ని పరికరాలున్నవాళ్లు, ఇంధనం వైపు పోయే తీగ తేడా చేస్తే దాన్ని ముట్టుకోకుండా దిగేవరకూ ఆగుతారు. ఆ రన్‌వే పక్క రోడ్డు మీద మనం వెండి కాగితం ఉండ చుడుతున్నాం.

తీగ ముక్క కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది పెద్ద ఫ్యూజు. "పదిహేను నిలవట్లేదా? ముప్పై ఎయ్యి." చూడటానికి పద్ధతిగా ఉంటుంది. కొత్తగా మెరుస్తూ ఉంటుంది. రేపు ఇంకో మేస్త్రీ మూత తీసినా ఆకుపచ్చ ఫ్యూజును చూసి అనుమానపడడు. తీగ ముక్కైతే కనీసం తనని తాను పట్టిస్తుంది. పాత బళ్లలో ఫ్యూజు బాక్సు మూత ఎప్పుడో పోయి ఉంటుంది, ఏ గడిలో ఎంత ఉండాలో రాసిన కాగితం ఆ మూతతోనే పోతుంది. ఆ ముప్పై ఫ్యూజు 33 ఆంపియర్లను వంద గంటలు మోయగలదు. కింద ఉన్న తీగ మోయలేదు.

ఇక అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం "డైరెక్ట్" ఇవ్వడం. ఫ్యూజూ వద్దు, రిలే వద్దు, బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి నేరుగా పంపుకి ఇచ్చెయ్యడం. బండి పరుగెడుతుంది, అందులో సందేహం లేదు. మీరు కీ తిప్పగానే వెనక ట్యాంకులో "గుంయ్" మని రెండు మూడు సెకన్లు చప్పుడు వచ్చి ఆగిపోవడం గమనించే ఉంటారు. ఇంజిన్ తిరగకపోతే బండిలోని కంప్యూటరు పంపును ఆపేస్తుంది. అలా రాసి పెట్టడానికి కారణం ఉంది. బండి దేన్నో గుద్దుకుని ఇంజిన్ ఆగిపోతే, తెగిన గొట్టంలోంచి పెట్రోలు చిమ్మకుండా పంపు కూడా ఆగాలి. డైరెక్ట్ ఇచ్చిన బండిలో డ్రైవరు స్పృహ తప్పి పడి ఉన్నా పంపు తన పని తాను చేస్తూనే ఉంటుంది. మూడు నాలుగు రెట్ల వాతావరణ పీడనంతో, వేడిగా ఉన్న ఇంజిన్ మీదికి. స్విచ్చి ఒకటి పెట్టామంటారు. ఆ స్విచ్చి కట్టేది ఎవరు?

పెద్దవాళ్లు ఇక్కడ ఒక మాట అందుకుంటారు. "మా కాలం లారీలకి ఈ గోలేది? కరెంటు పంపులు తెచ్చి కంపెనీలు మన నెత్తిన రుద్దాయి." అందులో సగం నిజం. 1954లో టెల్కో, డైమ్లర్ బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో మొదలుపెట్టిన డీజిలు లారీలు గానీ, ఎన్నూరు లేలాండ్‌లు గానీ, బెంగళూరు మైకో పంపుతో నడిచినవే. ఫీడ్ పంపు ఇంజినే తిప్పుతుంది, కరెంటుతో పనిలేదు. బ్యాటరీ చచ్చినా, నడుస్తున్న ఇంజిన్ ఆగదు. సాలూరు లాంటి ఊరు, లారీల మీదే బతికిన ఊరు, ఆ పంపుల మీద నిలబడింది. సాలూరు నుంచి విజయనగరం మీదుగా దిగివచ్చే రోడ్డు నాతవలస దగ్గర మన హైవేలో కలుస్తుంది. ఆ రోడ్డున దిగిన పాత డ్రైవర్లకు ఇంధనం ఫ్యూజు అన్న మాటే కొత్త. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ కూడా డీజిలు బండే. డీజిలు బళ్లకి రోటరీ పంపులు వచ్చాక, కరెంటు ఉంటేనే డీజిలు వదిలే సోలెనాయిడ్ వచ్చింది, దానితో ఫ్యూజూ వచ్చింది. ఆ వెనక పెట్రోలు, సీఎన్‌జీ చిన్న ట్రక్కులు ట్యాంకులో మోటారుతో దిగాయి. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 దేశమంతా వచ్చాక వెనక్కి పోయే దారి లేదు.

కానీ పాత లారీ డ్రైవర్ల జ్ఞాపకంలో ఇంకో సగం జారిపోయింది. డీజిలు అడుగంటితే ఎయిర్ పట్టేది. అర్ధరాత్రి బానెట్ ఎత్తి, చేతి పంపు కొట్టి కొట్టి, ఒక్కొక్క నట్టూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తియ్యాలి. ఆ పనిని ఎవడూ ఎగ్గొట్టలేదు, ఎందుకంటే ఎగ్గొడితే బండి కదలదు. పాత మేస్త్రీల గొప్పతనమంతా అందులో ఉంది. రోగం ఎక్కడుందో వెతికి పట్టుకుని గానీ లేవలేదు వాళ్లు. కరెంటు బండిలో రోగాన్ని వెతక్కుండానే కదిలించే అడ్డదారి దొరికింది. అడ్డదారి తొక్కేవాడు ఆ పెద్దల పేరు చెప్పుకోవడం అన్యాయం.

మన తీరంలో ఈ రోగం ఎక్కడుంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. ముక్కాం, చేపలకంచేరు నుంచి ఐసు పెట్టెలతో చేపలు మోసే బండిని తీసుకోండి. ట్రక్కు అడుగు నుంచి ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి, సముద్రపు గాలి ఎలాగూ ఉంది. ట్యాంకు దగ్గరి కప్లరు విప్పి చూస్తే ఇత్తడి పిన్నుల మీద పచ్చటి చిలుము. చిలుము పట్టిన చోట వేడి పుడుతుంది, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి రెండు పిన్నులు దగ్గరవుతాయి. వైరింగు కట్టని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఇనుప క్లిప్పులు తుప్పు పట్టి, వాటి అంచులు బ్లేడుల్లా తయారవుతాయి. సరుగుడు కర్రలు, కొబ్బరికాయలు మోసే బళ్లు తోటల్లోంచి ఇసక దారిన వస్తాయి. వైరింగు కట్ట కిందకి జారి, పుల్లకో మోడుకో తగులుకుని తెగుతుంది. వాన రోజుల్లో వారంపాటు కదలకుండా ఉన్న బండిలో ఎలుకలు చేరతాయి.

అంతకన్నా పెద్ద ఎలుక మనమే. బంపరుకి రంగు లైట్లు, క్యాబిన్‌లో పాటల పెట్టె, రెండు ఫోన్ల చార్జరు, పక్క ఊరు లేచిపోయే హారన్. వీటన్నిటికీ కరెంటు ఎక్కడి నుంచి తీస్తారు? కీ ఆన్ చేస్తే వచ్చే ఏదో ఒక తీగ నుంచి. ఆ "ఏదో ఒకటి" చాలాసార్లు పంపు తీగే అవుతుంది. పంపు ఆరు, లైట్లు నాలుగు, హారన్ ఎనిమిది. హారన్ నొక్కినప్పుడల్లా ఫ్యూజు ఓపిక కొంత అరుగుతుంది. ఒకరోజు పోతుంది. అప్పుడు తిట్లు తినేది ఫ్యూజు.

పంపుదీ కొంత తప్పుంటుంది, ఆ తప్పు కూడా మనం నేర్పినదే. ట్యాంకులో పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రెండు వందల రూపాయల పెట్రోలుతో అడుగున నడిపే బండిలో, సీఎన్‌జీ ఉంది కదా అని పెట్రోలు ట్యాంకు ఎండబెట్టిన బండిలో, పంపు వేడెక్కి అరిగి, ప్రతి నెలా కొంచెం ఎక్కువ కరెంటు లాగుతుంది. జల్లెడ మడ్డి పట్టినా అంతే.

వీటిలో ఏదో తేల్చడానికి ల్యాప్‌టాప్ స్కానరు అక్కర్లేదు. బ్రేకు లైటు బల్బు ఒకటి, 21 వాట్లది, హోల్డరూ రెండు తీగలతో. ఫ్యూజు తీసేసి ఆ రెండు కాళ్ల చోట బల్బు తీగలు పెట్టండి. 12 వోల్టుల బండిలో ఆ బల్బు గుండా రెండు ఆంపియర్లు కూడా పోవు, కాబట్టి ఏదీ మాడదు. ట్యాంకు దగ్గర పంపు కప్లరు విప్పేసి, కీ ఆన్ చెయ్యండి. పంపుకి కరెంటు వచ్చేది ఆ రెండు మూడు సెకన్లే కాబట్టి ఇంకొకరు బల్బును చూస్తూ ఉండాలి. పంపు విప్పినా బల్బు నిండుగా వెలిగితే తీగే ఎర్త్ అవుతోంది. అప్పుడు కీ మళ్లీ మళ్లీ ఆన్ చేయిస్తూ, వైరింగు కట్టని ముందు నుంచి వెనక్కి చేత్తో కదుపుతూ పోతే, ఎక్కడ కదిపినప్పుడు బల్బు మినుక్కుమందో అక్కడే దెబ్బ. బల్బు వెలగకపోతే తీగ మంచిదే, పంపును అనుమానించాలి. ఆ ఫ్యూజు మీదే ఇంజెక్టర్లో, సైలెన్సరు దగ్గరి సెన్సరో కూడా ఉంటే వాటి కప్లర్లు ఒక్కొక్కటీ విప్పి చూడాలి. అంతే పని. బల్బు ఖరీదు ఒక సింగిల్ టీ, ఒక సమోసా. ఇది చేసేవాడిని నేను మేస్త్రీ అంటాను, వెండి కాగితం వాడిని కాదు.

నాకు ఎదురుపడే అసలైన వాదన వేరు, దానికి జవాబు చెప్పకుండా తప్పుకోను. "మీరు పగటిపూట కుర్చీలో కూర్చుని రాస్తారు. రాత్రి ఒంటిగంటకి పెట్టెల్లో ఐసు కరుగుతుంటే, వెనక నుంచి కంటైనర్లు దూసుకుపోతుంటే, బల్బు పెట్టి ఆడుకోమంటారా?" న్యాయమైన ప్రశ్న. హైవే మీద ఆగిన బండి కూడా ప్రమాదమే, కాదనను. కానీ తీగ చుట్టిన బండికీ, ఆగిన బండికీ మధ్య ఎంచుకోవడం ఎప్పుడొచ్చింది? సంచిలో సరైన అంకె ఫ్యూజులు నాలుగు లేనప్పుడు. ఒకటి పది రూపాయలుండే ఫ్యూజు. అది వేసి, రంగు లైట్లూ హారనూ పీకేసి, వెలుతురూ జాగా ఉన్న చోటికి చేరండి. అది కూడా నిలవకపోతే పక్కకి తోసి, రిఫ్లెక్టర్ పెట్టి, జాతీయ రహదారి సాయం నంబరు 1033కి ఫోన్ చెయ్యండి. చేపలు ఇంకో బండిలోకి మార్చండి. నష్టమే. పెట్టెలు పది పోతాయి, ఇరవై పోతాయి. బండీ, డ్రైవరూ ఉంటారు. తీగ చుట్టి పంపితే ముందు ఆగే అవకాశాన్నే తీసేశారు. ఇక ఆగడం ఎలా జరిగితే అలా జరగాలి.

ఈ సందర్భంలో పాలెం, చిన్నటేకూరు బస్సు మంటల్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లున్నారు. నేను తేను. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కల్వర్టుకి గుద్దుకుంది. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మోటారు సైకిలు బస్సు కిందకి పోయింది. అవి ఫ్యూజు కథలు కావు, చనిపోయినవాళ్ల పేరు చెప్పి గెలిచే అవసరం నా వాదనకి లేదు. వాటి నుంచి తీసుకోవలసింది ఒక్కటే. బండికి నిప్పంటుకున్నాక మనిషికి మిగిలే సమయం చాలా కొద్ది.

డ్రైవరును తిట్టడం తేలిక, నాకు అందులో ఆసక్తి లేదు. ఆ తీగ చుట్టేది అతని చేతులే అయినా చుట్టించేది ఫోన్లో వినిపించే గొంతు. "తెల్లారేసరికి సరుకు దిగాలి, ఏదో ఒకటి చేసి తెచ్చీ." ఆ ఏదో ఒకటి ఏమిటో ఆ గొంతుకి బాగా తెలుసు, పేరు పెట్టి చెప్పదు. రేపు ఏదైనా జరిగితే "వాడే చేశాడు" అనడానికి. అయితే చట్టం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్, లోపం ఉన్న బండిని నడిపినవాడితోపాటు నడిపించినవాడినీ, నడవనిచ్చినవాడినీ కలిపే చెబుతుంది. లోపం తెలిసి ఉండటమే కాదు, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉన్నా బాధ్యత తప్పదు. ఇన్సూరెన్సు ఉందిగా అంటారు. మంటల నష్టం ఇస్తామన్న పాలసీలోనే విద్యుత్ లోపాలకూ అరుగుదలకూ ఇవ్వమని కూడా ఉంటుంది. ఫ్యూజు గడిలో మాడిన రాగి ముక్క దొరికాక సర్వేయరుతో వాదించే ధైర్యం ఎవరికుంటే వాళ్లు వాదించుకోవచ్చు.

ప్రభుత్వం పని కూడా అంతంతే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాలి. బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, పొగ చూస్తారు, రేడియం స్టిక్కర్లు చూస్తారు. ఫ్యూజు బాక్సు మూత తీసి చూసిన ఇన్‌స్పెక్టరును నేను ఎరగను. చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. గడిలో తీగ ఉంటే ఆ బండిని తిప్పి పంపాలి. ఇది కొత్త చట్టమేమీ కోరదు, ఉన్న తనిఖీలో ఒక గడి కలిపితే చాలు.

ఓనర్లకి ఒక విన్నపం. రేపు పొద్దున్న బండి బయల్దేరకముందు ఫ్యూజు బాక్సు మీరే తెరిచి చూడండి. తీగ కనిపిస్తే తీయించండి. అంకె తప్పుగా ఉంటే మార్పించండి. ఫ్యూయల్ పంపు గడిలో ఎంత ఉండాలో ఆ బండి పుస్తకంలో చూసి, మూత లేకపోతే ఒక అట్ట మీద రాసి అక్కడే అంటించండి. డ్రైవరు సంచిలో నాలుగు ఫ్యూజులు, ఒక బల్బు పెట్టండి. రాత్రి అతను నాతవలస టోల్‌గేటు దగ్గర నుంచి ఫోన్ చేసి రెండో ఫ్యూజు కూడా పోయిందంటే, "అక్కడే ఉండు, బండి ఎత్తించే ఏర్పాటు నేను చేస్తాను" అని చెప్పండి. ఆ రాత్రి పోయిన సరుకు డబ్బులు అతని జీతంలోంచి కోయకండి.